మంత్రిగారి వీపు

ప్రజారోగ్య ప్రచార శాఖ మంత్రి శ్రీ వీరరాఘవయ్యగారు ఈ నెలాఖరులోగా ఒక హెచ్‌ఐవి రోగిని స్వయంగా కౌగిలించుకుంటానని ఫిల్మ్‌నగర్‌లో సభాముఖంగా ప్రకటించారు. హాల్లో ఉన్నవాళ్ళం అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. కూర్చున్నాక మళ్ళీ లేచి కొట్టాం. మొదటిసారి కొట్టినప్పుడు కెమెరా ఆన్‌లో లేదట.

"హెచ్‌ఐవి ఒక్కటే కాదు, హెపటైటిస్-సి కూడా," అన్నారు మంత్రిగారు మైకుని దగ్గరికి లాక్కుని. "ఒకే కౌగిలిలో రెండూ కవర్ చేస్తాను. మన ప్రభుత్వానికి ఏ జబ్బు మీదా చిన్నచూపు లేదు."

నేను సినిమాలకి ప్రెస్ నోట్లు రాసేవాణ్ణి. ఆడని సినిమా విజయవంతంగా ప్రదర్శింపబడుతోందనీ, ఆగిపోయిన సినిమా శరవేగంగా షూటింగ్ జరుపుకుంటోందనీ రాసి ఇన్నేళ్ళుగా పెళ్ళాం బిడ్డల్ని పోషించుకుంటున్నాను. మంత్రిగారు రాజకీయాల్లోకి రాకముందు సినిమాలు డిస్ట్రిబ్యూట్ చేసేవారు. ఆ పరిచయంతో నన్ను పిలిపించి "ఆత్మీయ ఆలింగనం" కార్యక్రమానికి ప్రచార బాధ్యత అప్పగించారు. ఇంత ఉదాత్తమైన పనికి నాలాంటివాడితో అవసరమేమిటా అని మొదట కాస్త సంకోచించాను. తర్వాత తర్వాత అర్థమైంది.

సభ చివర్లో, అందరి చూపులూ భోజనాల వైపు మళ్ళాక, లీలాకుమారిగారిని స్టేజి మీదికి పిలిచి రెండు ముక్కలు మాట్లాడమన్నారు. యూసుఫ్‌గూడలో హెచ్‌ఐవి, హెపటైటిస్-సి ఉన్నవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే సంరక్షణ కేంద్రంలో ఆవిడ స్టాఫ్ నర్సు. ఆవిడ నిజంగానే రెండు ముక్కలు మాట్లాడారు.

"మా కేంద్రంలో రాత్రిపూట నర్సు లేదండి. పగలు నేనున్నాను, రాత్రికి ఇంకొక నర్సుని ఇప్పించండి."

మంత్రిగారు చెయ్యెత్తి "నోటెడ్" అన్నారు. ఆయన పి.ఎ. నోట్ చేసుకుంటున్నట్టు తల ఊపారు. చేతిలో పెన్ను లేదు గానీ ముఖంలో ఉద్దేశం ఉంది.

భోజనాల దగ్గర ఆవిడ నా పక్కనే కూర్చున్నారు. ఇంత పెద్ద వేదిక మీద అంత చిన్న కోరిక ఎందుకు కోరారని అడిగాను.

"జ్వరాలూ వాంతులూ రాత్రే ఎక్కువవుతాయండి. కొత్త మందు పడక కొందరికి ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి. భయం కూడా రాత్రే. పగలైతే పక్కన కూచుని మాట్లాడతాను. రాత్రయితే వాచ్‌మన్ ఫోన్ చేస్తాడు, నేను స్కూటీ వేసుకుని వస్తాను. ఎప్పుడో ఒకరోజు ఒళ్ళు తెలీకుండా నిద్రపోతాను, ఫోన్ వినబడదు. నా భయం అదొక్కటే."

ఆవిడ పెరుగన్నం కలుపుకుంటూ మామూలుగా చెప్పారు. ప్రెస్ నోట్‌లో చోటు చాలక ఈ విషయం రాయలేదు.

మర్నాడు లొకేషన్ చూడటానికి యూసుఫ్‌గూడ వెళ్ళాం. మంత్రిగారు, నేను, డైరెక్టర్ అద్వైత్. అద్వైత్ యాడ్ ఫిల్ములు తీసే కుర్రాడు. సబ్బునీ సిమెంటునీ ఒకే భావోద్వేగంతో చూపించగలడని పేరు. మంత్రిగారు కేంద్రం ముందు కారు ఆపించి, దిగకుండా, అద్దం మాత్రం రెండు వేళ్ళు పట్టేంత దించారు. మాస్కు పెట్టుకున్నారు. దాని మీద ఇంకో మాస్కు పెట్టుకున్నారు. లీలాకుమారిగారు ఆ సందు దగ్గరికి వంగి చెప్పారు.

"ముట్టుకుంటే రాదు సార్. కౌగిలించుకున్నా రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు. రక్తం దగ్గర జాగ్రత్త పడాలి. మందులు మానకుండా వేసుకుంటే హెచ్‌ఐవి ఉన్నా అందరిలాగే బతుకుతారు. హెపటైటిస్-సి అయితే మూణ్ణెల్లు మాత్రలు వేసుకుంటే చాలామందికి పూర్తిగా తగ్గిపోతుంది."

"అవన్నీ నాకు తెలుసమ్మా. నిన్న నేనే కదా ప్రసంగించింది," అన్నారు మంత్రిగారు. "ప్రజలకి తెలీదు. ప్రజల భయాన్ని ప్రజాప్రతినిధి గౌరవించాలి."

అద్దం ఒక వేలు పైకి లేచింది. ప్రజల్ని ఇంతగా గౌరవించే నాయకుణ్ణి నేను చూడలేదు.

నేనూ అద్వైతూ లోపలికి వెళ్ళాం. నలుగురు క్యారమ్స్ ఆడుతున్నారు. ఒకావిడ చిక్కుళ్ళు తుంచుతోంది. ఒకాయన ఫోన్‌లో కూతురికి లెక్కలు చెబుతున్నాడు. మంచం మీదున్న పెద్దాయనకి లీలాకుమారిగారు కాలి కట్టు మారుస్తూ, ఆయన చెప్పిన జోకుకి నవ్వుతున్నారు. అద్వైత్ ముఖం వాడిపోయింది.

"వీళ్ళలో పేషెంట్ ఫీల్ లేదన్నా," అన్నాడు.

పైగా కౌగిలింతకి ఎవరూ ఒప్పుకోలేదు. మంత్రిగారంటే తమకేమీ అభ్యంతరం లేదనీ, ఆయన వెనకాల వచ్చే కెమెరాలతోనే ఇబ్బందనీ చెప్పారు. కొందరి ఇళ్ళలోనే ఇంకా తెలీదు. చిక్కుళ్ళు తుంచే ఆవిడ చెయ్యి ఆపకుండానే చెప్పింది. "సీరియల్లో వేషమైతే వేస్తానండీ, నిజంగా అయితే వద్దు."

ఈ వార్త విన్నాక మంత్రిగారు ఎంత నిరాశపడ్డారంటే, చూసేవాళ్ళకి అది హాయిగా ఊపిరి పీల్చుకోవడంలా కనిపించింది.

"రోగుల గోప్యతే మనకి ముఖ్యం. ఎవరినీ బలవంతం చెయ్యొద్దు. ఆర్టిస్టుని పెట్టండి."

"సార్, రాత్రి నర్సు," అన్నారు లీలాకుమారిగారు.

"నోటెడ్ అమ్మా." కారు కదిలింది.

వేషాల కోసం ఎదురుచూసేవాళ్ళుండే కృష్ణానగర్‌లో పొద్దున ఒక మాట పడితే మధ్యాహ్నం టీ వేళకి వీధి వీధంతా తెలిసిపోతుంది. మంత్రిగారు కౌగిలించుకునే పాత్ర, ముఖం పూర్తిగా కనిపిస్తుంది అనేసరికి గల్లీలో బైకులు కదలడానికి చోటు లేకుండా జనం. మూడు పూటలు అన్నం మానేసి వచ్చినవాళ్ళున్నారు. ఒకతను ఎక్కణ్ణించి తెచ్చాడో, సెలైన్ సీసాతో సహా వచ్చాడు. జబ్బుతో ఉన్నవాళ్ళెవరూ ఒప్పుకోని పాత్ర కోసం జబ్బు లేనివాళ్ళు తోసుకోవడం చూసి నా కళ్ళు చెమర్చాయి.

సాంకేతిక సలహాదారుగా లీలాకుమారిగారిని ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. సాయిశ్రీనివాస్ అనే కుర్రాడు ముందుకొచ్చి, పరిచయం చేసుకుని, లోపల్నుంచి తవ్వినట్టు దగ్గాడు. తెనాలి దగ్గర్నుంచి వచ్చి ఆరేళ్ళయింది. పెళ్ళికొడుకు స్నేహితుడు, ఊరేగింపులో మూడో మనిషి, రెండు సినిమాల్లో శవం. క్లోజప్ ఇంతవరకూ పడలేదు.

"దగ్గెందుకు బాబూ?" అన్నారు లీలాకుమారిగారు.

"ఫీల్ కోసం మేడమ్."

"దీనికి దగ్గు ఉండాలనేం లేదు."

"సింబాలిక్ మేడమ్," అన్నాడు అద్వైత్. "దగ్గు లేకపోతే బి, సి సెంటర్లలో అర్థం కాదు."

దగ్గుకే వేషం వచ్చింది. సాయిశ్రీనివాస్ అద్వైత్ కాళ్ళకీ, నా కాళ్ళకీ, అడ్డొచ్చిన లైట్ స్టాండుకీ దణ్ణం పెట్టి, పక్కకెళ్ళి ఇంటికి ఫోన్ చేశాడు. "అమ్మా, శవం కాదే. బతికుండే పాత్ర. మంత్రిగారు నన్ను కౌగిలించుకుంటారు."

జూబ్లీహిల్స్‌లో షూటింగులకి అద్దెకిచ్చే బంగళాలో వార్డు సెట్ వేశారు. అసలు వార్డు కన్నా ఎంత బాగుందంటే, చూస్తే ఎవరికైనా రోగం తెచ్చుకోవాలనిపిస్తుంది. ఏసీ, పూలగుత్తులు, తెల్ల కర్టెన్లు. తెల్ల టోపీలు పెట్టుకుని నలుగురు నర్సులు నిలబడ్డారు. డాన్సర్ల యూనియన్ నుంచి తెచ్చారు. లీలాకుమారిగారు వాళ్ళ వైపు చాలాసేపు చూసి ప్రొడక్షన్ మేనేజర్ని పిలిచారు.

"వీళ్ళలో ఒకమ్మాయి రాత్రిళ్ళు మా దగ్గరికి వస్తుందేమో అడుగుతారా? పని నేను నేర్పుకుంటాను."

"వాళ్ళకి సాంగ్ ఉందమ్మా," అన్నాడు మేనేజర్.

మంత్రిగారు వచ్చారు. మంచం మీద కళ్ళకింద నల్లటి మేకప్‌తో పడుకున్న సాయిశ్రీనివాస్‌ని చూసి గుమ్మంలోనే ఆగారు.

"ఇతను ఆర్టిస్టేనా?"

"ఆర్టిస్టే సార్."

"యూనియన్ కార్డు చూపించమనండి."

సాయిశ్రీనివాస్ దిండు కింద నుంచి కార్డు తీసి చూపించాడు. మంత్రిగారు దూరం నుంచే చదివారు.

"కార్డున్నవాడికి జబ్బు ఉండకూడదని రూలేమీ లేదుగా."

మేకప్ మరీ సహజంగా కుదిరిందనీ, తప్పు మేకప్‌మన్‌దనీ అద్వైత్ ఒప్పుకున్నాడు. ఆ తర్వాత పరిశ్రమ ఇలాంటి సందర్భాల్లో ఎప్పుడూ చేసే పనే చేశాడు. హీరో గుర్రమెక్కనంటే ఏం చేస్తామో అదే. బ్యాక్ షాట్ పెట్టి, డూప్‌కి కబురు చేశాడు.

డూప్ పేరు భిక్షపతి. ఎన్నో ఏళ్ళుగా తెర మీద ఉన్నా ముఖం ఎవరికీ తెలియని మనిషి. వర్షంలో వెళ్ళిపోయే తండ్రి, మెట్లెక్కే విలన్, చితికి నిప్పు పెట్టే పెద్దాయన, వెనక నుంచి అన్నీ ఆయనే. వీపు మంత్రిగారిదే, భుజాలు మంత్రిగారివే, నడినెత్తిన రూపాయి బిళ్ళంత బట్టతల కూడా మంత్రిగారిదే. ఖద్దరు చొక్కా వేసి కండువా కప్పగానే మంత్రిగారి గన్‌మన్ సెల్యూట్ కొట్టాడు.

భిక్షపతి నడుచుకుంటూ వెళ్ళి సాయిశ్రీనివాస్‌ని లేపి కూర్చోబెట్టి గుండెలకి హత్తుకున్నాడు. వీపు నిమిరాడు. చెవిలో ఏదో అన్నాడు. కుర్రాడు గ్లిజరిన్ లేకుండా ఏడ్చాడు. ఒకటే టేక్. డాన్సర్లు కూడా ముక్కులు చీదారు. సోఫాలో కూర్చుని మానిటర్ చూస్తున్న మంత్రిగారు, "నేను ఇంత బాగా చేస్తాననుకోలేదు" అన్నారు.

చెవిలో ఏమన్నావని తర్వాత అడిగాను.

"మీ అమ్మకు ఫోన్ జేసినవా బిడ్డా అని అడిగిన," అన్నాడు భిక్షపతి.

పక్కనుంచి వెళ్తున్న లీలాకుమారిగారు ఆగి, "టిఫిన్ తిన్నారా?" అని ఆయన్ని అడిగారు. "తిన్న సిస్టర్," అన్నాడాయన. ఆవిడ అందరినీ అలాగే అడుగుతారు కాబట్టి నేను పట్టించుకోలేదు.

వారంలో హోర్డింగులు లేచాయి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర మూడంతస్తుల ఎత్తున మంత్రిగారి వీపు, ఆ భుజం మీద సాయిశ్రీనివాస్ కన్నీటి ముఖం. "జబ్బుకి దూరం, మనిషికి దగ్గర" అన్న ముక్క నేనే రాశాను. కార్యకర్తలు క్రేన్ తెప్పించి వీపుకి గజమాల వేశారు, బిందెలతో పాలు పోశారు. ముఖం చూసి ఓటేసినవాళ్ళున్నారు గానీ వీపు చూసి ఏడ్చినవాళ్ళని నేను అప్పుడే చూశాను. మంత్రిగారు కూడా కారాపించి చాలాసేపు తలెత్తి చూశారు.

"ఆరోజు ఎంత ఎమోషనల్ అయిపోయానయ్యా," అన్నారు నాతో.

"చూశాను సార్," అన్నాను.

ఆనాటి నుంచి భిక్షపతిని ఆయన వదల్లేదు. ఎండలో పాదయాత్రకి, మురికివాడ పర్యటనకి, ముసలివాళ్ళని దగ్గరికి తీసుకునే కార్యక్రమాలకి భిక్షపతి వెళ్ళేవాడు. ఫోటోగ్రాఫర్లు వెనక నుంచి తీసేవారు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర భోంచేసేవారు. భిక్షపతి గోంగూర కలిపితే ఆ రుచే వేరని మంత్రిగారు ఆయన కంచంలోంచి ముద్ద తీసుకునేవారు. టీ సగం తాగి ఆయనకిచ్చేవారు, ఆయన సగం తాగింది తను తీసుకునేవారు. "నువ్వేమన్నా పరాయివాడివా, నువ్వంటే నేనే కదయ్యా" అనేవారు. ఇంత నిగర్విని ఏ శాఖలోనూ చూడం.

అటు కృష్ణానగర్‌లో సాయిశ్రీనివాస్‌ని ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. నచ్చచెప్పడానికి నేనూ వెళ్ళాను. ఇంటావిడ శకుంతలమ్మ మర్యాదగా నాకు కుర్చీ వేసింది. అతన్ని మాత్రం మెట్ల దగ్గరే నిలబెట్టింది.

"నేను గూడ స్టేటస్ పెట్టిన సార్. మంత్రిగారు దేవుడు. గట్లాంటోళ్ళను దగ్గరికి తీసుకునుడు మామూలు ముచ్చట గాదు," అంది. అతని వైపు తిరిగి, "నువ్వు మాత్రం రూము ఖాళీ జెయ్యి బాబు," అంది.

"అది యాక్టింగ్ ఆంటీ. నాకే జబ్బూ లేదు."

"గంత మంచిగ యాక్టింగ్ జేసేటోనివైతే ఆరేండ్ల సంది చాన్స్ ఎందుకు రాలే?"

ఈ ప్రశ్నకి పరిశ్రమలో ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. జబ్బున్నా తప్పేం లేదనీ, ముట్టుకుంటే రాదని మంత్రిగారే ప్రసంగించారనీ నేను చెప్పబోయాను. "మీరు తీసుకపోతరా మీ ఇంటికి?" అంది శకుంతలమ్మ. నాకు అర్జెంటుగా ఒక ప్రెస్ నోట్ గుర్తొచ్చింది.

మెస్సులో సాయిశ్రీనివాస్‌కి వేరే ప్లేటు పెట్టారు. సినిమా ఆఫీసుల్లో అతని ఫోటోలు చూసి "ఎక్కడో చూసిన ముఖం" అని, ఎక్కడో గుర్తురాగానే లేచి వెళ్ళిపోయారు. నటనకి ఇంతకన్నా పెద్ద ప్రశంస లేదు. చివరికి పెట్టె పట్టుకుని లీలాకుమారిగారి దగ్గరికి వెళ్ళాడు.

"నీకే జబ్బూ లేదు, మంచం ఇవ్వలేను నాయనా," అన్నారావిడ. "వరండాలో చాప వేసుకో."

రాత్రిళ్ళు ఎవరైనా మూలిగితే లేచి మంచినీళ్ళిచ్చేవాడు. నిద్రపట్టనివాళ్ళకి షూటింగు కబుర్లు చెప్పేవాడు. జ్వరమొస్తే ఆవిడకి ఫోన్ చేసేవాడు. ఒక రాత్రి కాలికి కట్టున్న పెద్దాయనకి కొత్త మందు పడక ఒళ్ళు పొంగి ఊపిరి అందలేదు. కుర్రాడు ఫోన్ చేశాడు. మోగింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ మోగింది. ఆవిడ భయపడిన రాత్రి అదే. మూడోసారికి మెలకువ వచ్చి, చెప్పుల్లేకుండా వచ్చారు. పెద్దాయన బతికాడు. తెల్లారాక ఆవిడ బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చారని కుర్రాడు నాకు చెప్పాడు. ఇందులో వెటకారం ఏమీ లేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఆ ఉదయమే ఆవిడ సెక్రటేరియట్‌కి వెళ్ళారు. పి.ఎ. గారు ఫైలు తిరగేసి సంతోషించారు.

"రాత్రికి మనిషి కావాలన్నారు. వచ్చాడటగా. ఇక పోస్టెందుకమ్మా?"

"అతను నర్సు కాదండి. సినిమా ఆర్టిస్టు."

"నైట్ డ్యూటీ యాక్ట్ చేస్తున్నాడు కదా," అన్నారు పి.ఎ. గారు, ఫైలు మూస్తూ.

కార్యక్రమం ఘనవిజయం సాధించింది కాబట్టి ఆనవాయితీ ప్రకారం ఫిల్మ్‌నగర్‌లో సక్సెస్ మీట్ పెట్టాం. యూనిట్‌లో అందరికీ షీల్డులు. కెమెరామన్‌కి షీల్డు, మేకప్‌మన్‌కి షీల్డు, గజమాల ఎత్తిన క్రేన్ ఆపరేటర్‌కి షీల్డు. లీలాకుమారిగారి పేరు పొరపాటున మర్చిపోయాం గానీ, మొదటి వరసలో కూర్చోబెట్టాం. సాయిశ్రీనివాస్ పేరు పిలవగానే అతను ఇస్త్రీ చొక్కాతో చేతులు చాపుకుంటూ స్టేజి ఎక్కాడు. మంత్రిగారు చటుక్కున పక్కనే నిలబడ్డ భిక్షపతి వెనక్కి వెళ్ళిపోయారు.

"నువ్వివ్వవయ్యా. అలవాటేగా నీకు," అన్నారు వెనక నుంచి.

భిక్షపతి షీల్డు ఇచ్చి కుర్రాణ్ణి కౌగిలించుకున్నాడు. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లకి మంత్రిగారి మనసు ఉప్పొంగింది. కుర్రాడు మెట్లు దిగేదాకా ఆగి, ముందుకొచ్చి భిక్షపతిని రెండు చేతులా గట్టిగా కౌగిలించుకున్నారు. ఈసారి డూప్ లేదు, మానిటర్ లేదు. పళ్ళెంలోంచి లడ్డూ తీసి భిక్షపతికి తినిపించి, మిగిలిన సగం తన నోట్లో వేసుకున్నారు. ఆయన నిజంగా ఒక మనిషిని దగ్గరికి తీసుకోవడం నేను కళ్ళారా చూశాను. ఈ మాట ప్రెస్ నోట్ కోసం అనడం లేదు.

అప్పుడు భిక్షపతి మైకు అడిగాడు. మంత్రిగారే అందించారు.

"సార్, మీరు నన్ను మంచిగ చూసుకున్నరు. అందుకే చెప్తున్న," అన్నాడు భిక్షపతి. "నాకు శాన ఏండ్ల సంది హెచ్‌ఐవి ఉంది. హెపటైటిస్-సి గూడ ఉండె. గా ముంగట కూసున్న సిస్టరే దినాం పక్కన కూసోని గోలీలు మింగించింది, అది పోయింది. దీనికి రోజు గోలి ఏసుకుంట, పని జేసుకుంట. మీరు ఒక పేషెంటును కౌగిలించుకుంట అన్నరు గద. ఇప్పుడు కౌగిలించుకున్నరు. ఇగ ఫికర్ లేదు. ఆ రాత్రి నర్సును జర ఇయ్యుండ్రి."

మంత్రిగారి నోట్లో లడ్డూ ఇంకా ఉంది. మింగాలా వద్దా అన్నది విధాన నిర్ణయం, తొందరపడి తీసుకునేది కాదు. ముఖం మీద చిరునవ్వు ఉన్నచోటే ఉండిపోయింది. అద్వైత్ ఎవరికో సైగ చేశాడు, చప్పట్లు మోగాయి.

"ముందే చెప్పలేదేం?" అన్నారు మంత్రిగారు, చెంప పక్కకి లడ్డూ నెట్టుకుని.

"నన్నెవరు అడగలే సార్. ఆ పిలగాన్నే కార్డు జూపియ్యమన్నరు."

మంత్రిగారు స్టేజి వెనక నుంచి ఇంటికి వెళ్ళారు. ఇన్ని నెలలూ కదలని ఫైలు ఆరోజు మధ్యాహ్నానికల్లా కదిలింది. అత్యవసర పరిస్థితి దృష్ట్యా రాత్రి నర్సు పోస్టు వెంటనే మంజూరు చేస్తూ ఉత్తర్వులొచ్చాయి. డ్యూటీ స్థలం మంత్రిగారి నివాసం, జూబ్లీహిల్స్. ఈ జబ్బుల సేవలో అనుభవం ఉన్నవాళ్ళే కావాలి గనక, స్టాఫ్ నర్సు లీలాకుమారిని డెప్యుటేషన్ మీద పగలూ రాత్రీ అక్కడికే వేశారు.

ఆవిడ వెళ్ళారు. ఉత్తర్వు ఉత్తర్వే. మంత్రిగారికి జ్వరం లేదు, నీరసం లేదు. రక్తపరీక్షలో ఏమీ లేదు. రెండోసారి చేయించారు, అప్పుడూ లేదు.

"లడ్డూతో రాదు కదమ్మా?"

"రాదు సార్."

"గోంగూరతో?"

"రాదు సార్. మీరే ప్రసంగంలో చెప్పారు."

"ప్రసంగం వేరు. నువ్వు ఇక్కడే ఉండు."

మర్నాడు సాయంత్రం మంత్రిగారి బంగళా గేటు ముందు మూడు ఆటోలు ఆగాయి. కట్టు కాలితో పెద్దాయన దిగాడు, చిక్కుళ్ళావిడ దిగింది, క్యారమ్ బోర్డు చంకలో పెట్టుకుని ఇద్దరు దిగారు. సాయిశ్రీనివాస్ అందరికీ చెయ్యి అందిస్తున్నాడు, భిక్షపతి ఆటోలవాళ్ళతో మాట్లాడుతున్నాడు. ఆ గన్‌మన్‌కి ఇంకా అలవాటు పోలేదు. భిక్షపతిని వెనక నుంచి చూసి సెల్యూట్ కొట్టి గేటు తీశాడు.

"కట్టు మార్చే టైమైంది గద సిస్టర్," అన్నాడు భిక్షపతి లోపలికొచ్చి. "మీరు ఈడున్నరని ఈడికే తీసుకొచ్చిన."

లీలాకుమారిగారు ఒక్క క్షణం పై అంతస్తు కిటికీ వైపు చూశారు. తర్వాత పోర్టికోలో కుర్చీలు వేయించి, చేతులు కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని పని మొదలుపెట్టారు. పెద్దాయన కొత్త జోకు చెప్పాడు. ఆవిడ చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వారు.

కిటికీ పరదా కాస్త పక్కకి జరిగింది. పక్క బంగళా వాకిట్లో కుక్కని తిప్పుతున్న పెద్దమనిషి ఆగి చూశాడు. ఎదురింటి బాల్కనీలోకి ఇద్దరు వచ్చారు. ఎవరో ఫోన్‌తో ఫోటో తీశారు. ఒక చానల్ వ్యాను వచ్చింది, దాన్ని చూసి రెండోది వచ్చింది. పోర్టికోలో ఉన్నవాళ్ళు కొంగులూ తువ్వాళ్ళూ ముఖాలకి చుట్టుకున్నారు. అప్పటికప్పుడు లోపల్నుంచి పి.ఎ. గారు పరుగెత్తుకొచ్చారు. ఈసారి చేతిలో పెన్ను కూడా ఉంది. యూసుఫ్‌గూడ కేంద్రానికి రాత్రి డ్యూటీకి ఒకరు కాదు, ఇద్దరు నర్సులు. లీలాకుమారి డెప్యుటేషన్ రద్దు. అందరూ దయచేసి ఇప్పుడే బయల్దేరాలి, బండి ప్రభుత్వమే ఏర్పాటు చేస్తుంది.

"ఇద్దరా?" అన్నారు లీలాకుమారిగారు. గ్లవ్స్ తీసేసి పోర్టికో మెట్టు మీద కూలబడిపోయారు. సాయిశ్రీనివాస్ వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

నేను గేటు దగ్గరే నిలబడి ప్రెస్ నోట్ రాశాను. తన స్వగృహాన్నే రోగులకి ఆశ్రయంగా మార్చిన మానవతామూర్తి అని, దేశంలోనే తొలి మంత్రి అని, ఒక్కొక్కరినీ పేరుపేరునా పలకరించి ఆత్మీయంగా కౌగిలించుకున్నారని రాసి పైకి పంపాను. పది నిమిషాల్లో తిరిగొచ్చింది. పొగడ్తలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కౌగిలించుకున్నారన్న ఒక్క వాక్యం మాత్రం కొట్టేసి ఉంది.

ఏదైనా పొరపాటేమో అని మంత్రిగారికి ఫోన్ చేశాను.

"చుట్టుపక్కల వాళ్ళు చూస్తున్నారయ్యా," అన్నారు ఆయన గొంతు తగ్గించి. "కౌగిలించుకున్నానంటే నమ్మేస్తారు. రేపటి నుంచి మనింటి గడప ఎవరు తొక్కుతారు?"